గుట్టల మీద వెలుగు, కుర్చీలో పెద్దాయన

గాలివాన కావాలి, సూర్యాస్తమయం కావాలి, పర్వతాలు కావాలి. మూడూ ఒకే ఫోటోలో ఉండాలి, అదీ దీపావళి లోపల సాహెబు బల్ల మీద ఉండాలి. నాకు వచ్చిన హుకుం ఇది. ఇప్పటి పిల్లలు ఇందులో కష్టమేముంది అంటారు. మా మనవడైతే జేబులోంచి ఫోను తీసి ఆకాశానికి చూపించి, టకటకా నొక్కి, నచ్చనివి చెరిపేసి, నచ్చినదానికి ఇంకాస్త రంగు పులిమి చూపిస్తాడు. వాణ్ణి ఏమీ అనను. కాని ఆ ఒక్క ఫోటో నా ప్రాణం ఎంత తోడేసిందో వాడి ఈడు వాళ్ళకు ఒకసారి చెప్పాలని మాత్రం ఉంటుంది.

ఎనభైలలో, గడ్చిరోలి కొత్తగా జిల్లా అయిన రోజుల్లో, నేను ఒక సర్కారు ఆఫీసుకు ఫోటోలు తీసేవాణ్ణి. సొంతూరు సిరొంచ. మా నాన్నకు బజారులో కిరాణా కొట్టు ఉండేది. తక్కెడ పట్టాల్సిన కొడుకు కెమెరా పట్టాడని ఆయనకు చివరిదాకా మంటే. పైగా ఆఫీసులో నాది రోజుకూలీ కొలువు. నాయకుడొస్తే దండ మెడలో పడే క్షణం తియ్యాలి, బోరింగు మొదలుపెడితే కొబ్బరికాయ పగిలే క్షణం తియ్యాలి. ఆ క్షణం తప్పితే మర్నాడు పని ఉంటుందో ఉండదో తెలియదు. నాకు పిల్లనిస్తామని మంచిర్యాల నుంచి వచ్చినవాళ్ళు, పర్మనెంటు అయ్యాక కబురు పెట్టండని చాయ్ తాగి వెళ్ళిపోయారు. మా అమ్మ ఆ కప్పులు కడుగుతూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మా ఆఫీసు పెద్ద ఆ సాహెబు, పుణె వైపు మనిషి. చెడ్డవాడు కాడు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది విన్నాక మీరు నమ్మరు. ఆయన ఏదో ఇంగ్లీషు పత్రికలో హిమాలయాల ఫోటో ఒకటి చూశాడు. నల్లటి మబ్బు, దాని కింద బంగారంలాగ మెరుస్తున్న కొండలు. ఆ పేజీ కత్తిరించి తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. ఇలాంటిదే మన జిల్లాది కావాలి, కొత్త సంవత్సరం గోడ క్యాలెండర్ మీద వేసి ప్రతి ఆఫీసుకూ పంపుదాం అన్నాడు. ఫోటో కుదిరితే నా పేరు పర్మనెంటుకు పైకి పంపుతానన్నాడు. కుదరకపోతే నాగపూరు నుంచి ఇంకో ఫోటోగ్రాఫర్ని పిలుస్తానన్నాడు. ఆ ఇంకొకడు వస్తే నాతో పనేముంటుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మావి పర్వతాలు కావు, గుట్టలు. టేకు చెట్లు కప్పుకున్న బుజ్జి గుట్టలు. మంచు సంగతి సరే, చిత్త కార్తెలో కూడా చెమట ఆగదు. అయినా ఆ వెలుగు మాకు లేకపోలేదు. మధ్యాహ్నమంతా ఉక్కపోసి, సాయంత్రానికి మబ్బు ఊరంతా మూసేస్తుంది. ఒక్కోరోజు పడమట మబ్బు అంచు కొంచెం లేస్తుంది. దిగిపోయే ముందు సూర్యుడు ఆ సందులోంచి తొంగి చూస్తాడు. అప్పుడా వెలుగు అడ్డంగా వచ్చి తూర్పు గుట్టల మీద పడుతుంది, వాటి వెనక ఆకాశం కాటుకలాగ ఉంటుంది. అది తియ్యాలంటే సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి. ఇది సాహెబుకు చెప్పడానికి ఒక పూటంతా పట్టింది. సూర్యాస్తమయం ఫోటోలో సూర్యుడు లేకపోవడమేమిటి, పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు లేనట్టు అన్నాడు. ముందు ఫోటో తీసి, పోట్లాట తర్వాత పెట్టుకుందామని ఊరుకున్నాను.

నాకిచ్చిన సరంజామా ఒక పాత కెమెరా, తల వంచి పైనుంచి అద్దంలోకి చూసే రకం, దానికి ఒక్కటంటే ఒక్క రంగుల రీలు. అప్పట్లో మా దగ్గర రంగుల రీలు అంటే మాటలు కాదు. సాహెబు దాన్ని బీరువాలోంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు కూతుర్ని అత్తవారింటికి పంపుతున్నట్టు ముఖం పెట్టాడు. ఇక మూడోది జీపు. దాని స్టార్టరు పోయి ఏడాది దాటింది. అందుకని మా డ్రైవరు దాన్ని ఏటవాలు ఉన్నచోట తప్ప ఎక్కడా ఆపేవాడు కాదు. ఆపితే మళ్ళీ తొయ్యాలి, తోసేవాణ్ణి నేనే. మంచి గుట్ట కనిపించి ఆపమంటే, ఇక్కడ వాలు లేదు తమ్మీ అని ముందుకు పోనిచ్చేవాడు. వాలు దొరికినచోట గుట్ట ఉండేది కాదు. ఫోటోకు చోటు ఎంచాల్సింది నేనైతే, ఎంచింది జీపు.

సిరొంచ నుంచి అంకిస దాటి ఆ రోడ్డు మీద సాయంత్రం సాయంత్రం తిరిగాం. ఒకరోజు మబ్బు పట్టి పడమర కూడా మూసుకుంది. ఒకరోజు మబ్బే లేదు. ఒకరోజు వెలుగు వచ్చింది, కాని అప్పుడు నేను జీపు వెనక నడుం వంచి తోస్తున్నాను. తలెత్తేసరికి గుట్టలు మళ్ళీ బూడిదరంగులో ఉన్నాయి. ఇంకోరోజు సాహెబు స్వయంగా వచ్చాడు. తనను నది ముందు ఒకటి, జీపు ముందు ఒకటి తియ్యమన్నాడు. ఆ రంగుల రీలులోనే. దరిద్రుడి పెళ్ళికి వడగళ్ళ వాన అని ఊరికే అనలేదు పెద్దలు.

చివరికి అంకిస అవతల ఒక పల్లె దగ్గర నాకూ జీపుకూ నచ్చిన చోటు ఒకటి దొరికింది. రోడ్డు కాస్త దిగువకు వాలింది, ఎదురుగా పొలాలు, పొలాల వెనక తూర్పున గుట్టల వరుస. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి కెమెరా బిగిస్తున్నాను. పొలంలోంచి నలుగురు పెద్దమనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. స్టాండును చూస్తారు, గుట్టను చూస్తారు. ఆ రోజుల్లో గోదావరి మీద ఆనకట్ట వస్తుందని, ఊళ్ళు మునుగుతాయని ఒకటే పుకారు. సర్వేవాళ్ళు తెచ్చే యంత్రానికీ మూడు కాళ్ళే ఉంటాయి. కాసేపటికి వాళ్ళలో ఒకాయన మెల్లగా అడిగాడు.

"నీళ్ళు యాడిదాంక వస్తయి సారూ?"

నీళ్ళు కాదు, నేను ఫోటో తీసేవాణ్ణి అని ఎంత చెప్పినా నమ్మలేదు. డ్రైవరు జీపు బానెట్ ఎక్కి నిలబడి, ఈయన సిరొంచ కిరాణా సేటు కొడుకు, పెళ్ళి ఫోటోలు, చావు ఫోటోలు అన్నీ తీస్తడు, సర్వేకు ఈయనకు ఏం సంబంధం లేదు అని ఊరంతటికీ వినపడేలా అరిచాడు. వాళ్ళు కొంత నెమ్మదించారు కాని, నీళ్ళ సంగతి అడిగినాయనకు ఇంకా అనుమానమే. "ఫోటో అయితే మనుషులను తియ్యాలె గని గుట్టనేం తీస్తరు? గుట్ట యాడికి పోతది?" అన్నాడు. ఈ గొడవలోనే ఆ రోజు పొద్దు పోయింది. తిరిగి వస్తూ దారంతా డ్రైవరు మీద విరుచుకుపడ్డాను. చావు ఫోటోల మాట నిన్నెవరు చెప్పమన్నారు అని. అది ఊరికే పోలేదని మర్నాడు తెలిసింది.

మర్నాడే ఆఖరు రోజు. ఆ మరుసటి పొద్దున రీలు నాగపూరు వెళ్ళాలి, అక్కడ అచ్చువాడు కాచుకుని ఉన్నాడు. మధ్యాహ్నం నుంచే ఉరుములు. మేము అదే వాలు మీద జీపు ఆపాం. స్టాండు పెట్టాను. మబ్బు పడమట అంచు కదులుతోంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి, ఈరోజు వస్తుంది అని నా మనసుకు తెలిసింది. సరిగ్గా అప్పుడు పల్లెలోంచి ఇద్దరు మనుషులు పరుగున వచ్చారు.

వాళ్ళ తండ్రి మధ్యాహ్నం పోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. చీకటి పడేలోగా, వాన పడేలోగా ఆయన్ని కాటికి తీసుకుపోవాలి. నిన్న మీ డ్రైవరు చెప్పిండు, మీరు వచ్చి ఒక ఫోటో తియ్యాలె అన్నారు. ఇప్పటివాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. మా వైపు చాలామందికి బతికుండగా ఫోటో ఉండేది కాదు. పోయాక కడిగి, కొత్త బట్ట కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటివాళ్ళు నిలబడి తీయించుకునేవాళ్ళు. ఆ మనిషికి అదే మొదటి ఫోటో, అదే ఆఖరిది. ఆ పిలుపు వస్తే ఫోటో తీసేవాడు కాదనకూడదు. మంగలి, చాకలి కాదనకూడనట్టే. రాసిపెట్టిన రూలు కాదు, కాని కాదన్నవాడికి ఆ ఊళ్ళో మళ్ళీ పెళ్ళి పిలుపు రాదు.

కాస్త ఆగండి, ఈ వెలుగు ఒక్కటి తీసి వస్తానన్నాను. వాళ్ళు ఆకాశం వైపు చూశారు. నా వైపు చూడలేదు. డ్రైవరు అప్పటికే స్టాండు మడిచి భుజాన వేసుకున్నాడు.

"నడు తమ్మీ. గుట్ట రేపు గూడ ఉంటది. ఆయన ఉండడు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగం, పెళ్ళి, మా నాన్న మూతి విరుపు, అన్నీ ఆ మబ్బు సందులో వేలాడుతున్నాయి. నేను పొలం గట్ల మీద పడుతూ లేస్తూ, ఎవరినో తెలియకుండా తిట్టుకుంటూ వెనక నడిచాను.

ఇంట్లో చీకటి. నా ఫ్లాషు చెమ్మ పట్టి వెలగలేదు. నొక్కితే టిక్కుమంటుంది, అంతే. వాకిట్లోకి తీసుకురండి అన్నాను. అక్కడ మొదలైంది పంచాయితీ. కుర్చీ బడి పంతులుగారి ఇంటి నుంచి రావాలి. వచ్చింది, ఒక కాలు పొట్టి. రాయి వెతికారు. తలకు రుమాలు చుట్టాలా వద్దా అని ఒక చర్చ. ముల్చేర నుంచి రావాల్సిన కూతురు ఇంకా రాలేదు, ఆగుదామా అని ఇంకో చర్చ. తూర్పుకు కూర్చోబెట్టాలని ఒక ముసలాయన, అలా పెడితే ముఖం మీద వెలుగు పడదని నేను. పెద్దకొడుకు మధ్యలో వచ్చి కళ్ళు తెరిపించాలి అన్నాడు. పొరుగింటివాళ్ళు తమ తాత చావు ఫోటోకు చంద్రపూర్‌లో రంగులు వేసేవాడి చేత కళ్ళు తెరిచినట్టు గీయించారట. ఆ ఫోటో నేనూ చూశాను. తాతకు సినిమా హీరో కళ్ళు పెట్టాడు మహానుభావుడు. ఇంతమంది మధ్య ఆ పోయినాయన భార్య ఒక్కతే నిమ్మళంగా ఉంది. కుర్చీ పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని ఉంది, ఒరిగిపోకుండా.

"కండ్లు వద్దు బిడ్డా. ఇన్నొద్దులకు నిద్ర పట్టింది, పండనియ్" అంది.

ఇక నేను ఆగలేకపోయాను. చావింట్లో అరిచాను. కుర్చీ పడమటికి తిప్పండి, అందరూ వెనక్కి వెళ్ళండి, ఎవరూ కదలొద్దు అని నాయకుల దగ్గర కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. విచిత్రం, విన్నారు. తల వంచి కెమెరా అద్దంలోకి చూశాను. పెద్దాయన గడ్డం కొంచెం కిందికి వాలి ఉంది. అద్దం చీకటిగా ఉంది. అంతలో ఎవరో కిటికీ రెక్క తీసినట్టు ఆ ముఖం మీదికి వెలుగు వచ్చింది. ముడతల్లోకి, తెల్ల రుమాలు మీదికి, ఆమె చేతి గాజుల మీదికి వచ్చింది. ఒకటి తీశాను. చెయ్యి దానంతటదే రీలు తిప్పింది, ఇంకొకటి తీశాను. అప్పుడు చూశాను వాళ్ళ తలల వెనక. గుట్టలన్నీ అంటుకున్నట్టు మెరుస్తున్నాయి, పైన నల్లటి మబ్బు. జీవితంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. స్టాండు ఎత్తుకుని పొలం వైపు పరుగెత్తుదామనుకున్నాను. పెద్దచినుకు నా చేతి మీద పడింది, వెలుగు ఆరిపోయింది.

వాళ్ళు ఆయన్ని ఎత్తుకున్నారు. మేము జీపు దగ్గరికి వచ్చాం. తడిసిన మట్టిలో అది వాలు మీద కూడా స్టార్టు కాలేదు. వానలో తోశాను. ఆ రోజు నేను తిట్టిన తిట్లు రాస్తే ఈ పుస్తకం ఎవరూ వేయరు.

రీలు నాగపూరు వెళ్ళి వచ్చింది. సాహెబు పిలిపించాడు. నిన్ను పంపించేస్తున్నానని చెప్పడానికే అనుకుని, చెప్పులు బయట విడిచి నెమ్మదిగా లోపలికి వెళ్ళాను. ఆయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. బల్ల మీద ఆ వాకిలి ఫోటో ఉంది. ఇదే నేను అడిగింది, అసలు ఇంతకంటే మేలు, మనుషులను కూడా పెట్టావు అన్నాడు. రోజంతా పొలంలో కష్టపడి వచ్చిన రైతు, భార్యాబిడ్డల మధ్య కాస్త కునుకు తీస్తున్నాడు, ఆ ముఖంలో ఎంత శాంతం చూడు అన్నాడు. దాని కింద వేయడానికి 'ప్రశాంత సాయంకాలం' అని మరాఠీలో మాట కూడా రాసి పెట్టుకున్నాడు.

ఆయన చనిపోయాడు సాబ్ అన్నాను. అయ్యో పాపం, ఎప్పుడు అన్నాడు. ఫోటోకు ముందే అన్నాను.

సాహెబు ఫోటో మీది నుంచి చెయ్యి తీసేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు పక్కన పెట్టి, మనుషులను కత్తిరించి గుట్టలు మాత్రం ఉంచవచ్చు కదా అన్నాడు. తలలు సరిగ్గా గుట్టల మీదికే వచ్చాయి, తలలు తీస్తే సగం గుట్ట పోతుంది అన్నాను. మిగతా రీలులో ఏముంది అన్నాడు. మీరున్నారు సాబ్, నది ముందు ఒకటి, జీపు ముందు ఒకటి అన్నాను. ఆయన మళ్ళీ ఫోటో వైపు చూశాడు. అచ్చువాడు ఇక ఆగనంటున్నాడు, చూసేవాళ్ళకెవరికీ తెలియదు, అయినా ఇంటివాళ్ళను అడిగి రా, వద్దంటే వద్దు అన్నాడు. అడగడానికి వెళ్ళేది తాను కాదు కదా, చాలా తేలిగ్గా అన్నాడు.

చావు ఫోటోను క్యాలెండరు మీద వేస్తామని ఒక ఇంటికి వెళ్ళి ఎలా అడుగుతారు? దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. వాళ్ళ కోసం ప్రింటు వేయించిన ఫోటో ఇచ్చాను. పెద్దాయన భార్య దాన్ని గుమ్మం వెలుతురులో పట్టుకుని, ఆయన ముఖం మీద వేలితో మెల్లగా నిమిరింది. పెద్దకొడుకు చూసి కళ్ళు తెరవలేదే అన్నాడు. నేను నీళ్ళు నములుతుంటే డ్రైవరే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కొడుకులిద్దరికీ ముఖం మాడిపోయింది. పెద్దవాడు లేచి, సచ్చినోని బొమ్మ ఆఫీసులల్ల పెడ్తరా, నలుగురు నవ్వరా అన్నాడు. అతనన్నది నిజమే. నేను లేచాను, వద్దన్నారని సాహెబుకు చెబుతాను, ఆ తర్వాత నా గతి ఏదైతే అదవుతుంది అనుకున్నాను. ఆమె ఆగమంది.

ఆ బొమ్మ ఏ ఆఫీసుల్లో పెడతారని అడిగింది. జిల్లాలో అన్నింటిలోనూ అన్నాను. భూమి కాగితాలిచ్చే ఆఫీసులో కూడానా అంది. అక్కడ కూడా అన్నాను. ఆమె మామ పేరు మీదున్న పొలాన్ని తన పేరుకు మార్పించుకోవడానికి పోయినాయన పెళ్ళయినప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాడట. మా దగ్గర భూమి కాగితాన్ని సాత్‌బారా అంటారు. ఆ సాత్‌బారాలో తన పేరు చూసుకోకుండానే పోయాడట.

"జిందగంత ఆఫీసుల బయటనే నిలవడ్డడు బిడ్డా. జర కూసోమన్నోడు లేడు. ఇప్పుడన్న లోపట కూసోనియ్."

లేచిన పెద్దకొడుకు మళ్ళీ కూర్చున్నాడు. అంతవరకు ఆ సాయంత్రం తలుచుకుని ఊరందరినీ తిట్టుకుంటూనే ఉన్నాను, ఆ మాటతో ఆ తిట్లు నోట్లోనే ఆగిపోయాయి.

క్యాలెండరు వచ్చింది. అందరూ బాగుందన్నారు. సాహెబు మాట నిలబెట్టుకుని నా పేరు పైకి పంపాడు. పైన అది ఎక్కడెక్కడో ఆగి, ఆయన బదిలీ అయ్యాక ఎప్పటికో దిగి వచ్చింది. మంచిర్యాలవాళ్ళు అప్పటికి ఆ పిల్లకు పెళ్ళి చేసేశారు. నాకు వేరే సంబంధం కుదిరింది, నష్టమేమీ లేదు. ఎక్కడికి పోయినా గోడ మీద ఆ పెద్దాయన కనిపించేవాడు. బ్యాంకులో, బడిలో, దవాఖానాలో, వెలుగులో హాయిగా కూర్చుని.

ఆ ఎండాకాలం ఒక అధికారి వీడ్కోలు సభ ఉందంటే ఫోటోలకు ఒక ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో మనుషుల మధ్య క్యాలెండరు పెద్దాయన పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు, చేతిలో పాలిథిన్ సంచిలో చుట్టిన కాగితాలు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. ఏమిటిక్కడ అంటే, పొలం తన పేరు మీదికి మార్చుకోవడానికి అన్నాడు. పొద్దుటి నుంచి ఉన్నావా అంటే, చాన దినాలసంది వస్తున్న అన్నాడు. తాత పోయాడనీ, తండ్రి పోయాడనీ రుజువు తెమ్మంటున్నారట. కిటికీలోంచి లోపలికి వేలు చూపించాడు. గుమాస్తా కుర్చీ వెనక గోడకు మా క్యాలెండరు ఉంది.

"అగో మా బాపు, సచ్చిపోయినంక తీసిన ఫోటో అని చెప్పిన సారూ. మంచిగ పండుకున్నడు గద, గిట్ల అబద్ధమాడితె జైలుకు పంపుత అన్నడు."

నేను సరాసరి లోపలికి వెళ్ళాను. ఆ ఫోటో తీసింది నేనే, తీసేటప్పటికి ఆయన ప్రాణంతో లేడు, కావలిస్తే రాసి సంతకం పెడతాను అన్నాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. కుర్చీలోనే వెనక్కి తిరిగి క్యాలెండరును చాలాసేపు చూశాడు. గుట్టలను చూశాడు, పెద్దాయనను చూశాడు, కింద తారీకులున్న చోట వేలు పెట్టి ఒక్కో గడీ దాటుకుంటూ పోయాడు. తర్వాత ఇటు తిరిగి, సోమవారం రమ్మను అన్నాడు.